ఎనిమిది మంది, మూడు రోజులు, పదకొండు కిలోల బియ్యం

నవంబరు వచ్చిందంటే చాలు, బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అరకు, పాడేరు మాటలే. కొండల్లో నడక, గిరిజనుల ఇంట్లో రెండు రాత్రుల బస, పొద్దున్నే మబ్బుల మీద నిలబడి ఫోటో. నందికొండ మెట్లు, స్కందగిరి, సావనదుర్గ అన్నీ అయిపోయాక మన మాట వినపడే కొండలకి పోవాలనిపించడంలో తప్పేమీ లేదు. రైలు టికెట్టు దగ్గర్నుంచి బొంగు చికెన్ దాకా ఈ ప్లాన్లలో అన్నిటికీ లెక్క ఉంటుంది. మనం దిగిన ఇంటి మీద పడే బరువుకి మాత్రం ఎవరూ లెక్క వేయరు.

ఆ లెక్క వేసి చూద్దాం. కొండలెక్కి దిగిన మనిషి మూడు పూటలా తింటే రోజుకి తక్కువలో తక్కువ 450 గ్రాముల బియ్యం అవుతుంది. ఎనిమిది మంది మూడు రోజులుంటే 10.8 కిలోలు. నిరుపేదలకిచ్చే అంత్యోదయ రేషను కార్డున్న ఇంటికి నెలకి వచ్చేది 35 కిలోలు. మూడు రోజుల్లో ఆ ఇంటి నెల బియ్యంలో దాదాపు మూడో వంతు మన కంచాల్లోకి వచ్చేస్తుంది. 'ఎంత వద్దన్నా వడ్డిస్తూనే ఉన్నారండీ' అని మురిసిపోతాం. నెలాఖరున ఏం తిన్నారో చూడటానికి మనం అక్కడ ఉండం.

వేడినీళ్ల సంగతి ఇంకా గమ్మత్తు. చలిలో ఒక బకెట్టు నీళ్లు, 15 లీటర్లనుకోండి, గోరువెచ్చగా కావాలంటే పాతిక డిగ్రీలు పెరగాలి. మూడు రాళ్ల పొయ్యి మీద కట్టెల వేడిలో పదో వంతో ఎనిమిదో వంతో మాత్రమే గిన్నెకి చేరుతుంది, మిగతాది గాలికి పోతుంది. ఆ లెక్కన బకెట్టుకి ముప్పావు కిలో నుంచి కిలో కట్టె కాలుతుంది. ఎనిమిది మంది రెండు పొద్దులు వేడినీళ్లు పోసుకుంటే ఇంచుమించు ఒక మోపు. ఆ మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగివచ్చేది ఆ ఇంటి ఆడమనిషి. చలికాలం రెండు రోజులు స్నానం మానేస్తే ఎవరికీ ఏమీ కాదు. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోండి, చాలు.

అందుకే నలుగురికి మించి ఒక ఊరికి వెళ్లొద్దంటాను. బరువైన తిండిసామాను మనమే కొని తీసుకెళ్లాలి. తిన్నదానికీ పడుకున్నదానికీ చేయించుకున్న పనికీ కూలి లెక్కన డబ్బు ఇవ్వాలి. బట్టలు, చాక్లెట్లు, బిస్కెట్లు ఏవీ పంచకూడదు. ఈ చివరి మాటకే చాలామందికి కోపం వస్తుంది కాబట్టి దాని గురించి తర్వాత కాస్త తీరిగ్గా మాట్లాడదాం. ముందు నడక.

ఎత్తు గురించి భయం అక్కర్లేదు. బెంగళూరు 920 మీటర్ల ఎత్తులో ఉంది, అరకు లోయ కూడా అటూ ఇటుగా అంతే. ఆంధ్రలో తూర్పు కనుమలకెల్లా ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్ల లోపే. ఊపిరి ఆడకపోవడం లాంటివి ఉండవు. ఇక్కడ మనిషిని పడగొట్టేది ఎగుడుదిగుడు. ఒక ఊరికీ పక్క ఊరికీ మధ్య గెడ్డ, అంటే కొండవాగు, ఉంటుంది. దాంట్లోకి 300 మీటర్లు దిగి, మళ్లీ అంతా ఎక్కాలి. మ్యాపులో నాలుగు కిలోమీటర్లు కనిపిస్తే మూడు గంటలు పట్టొచ్చు. బ్యాగుతో అడవి దారిలో గంటకి మూడు కిలోమీటర్లు వేసుకుని, ప్రతి 400 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట కలుపుకోండి. బ్యాగు మీ బరువులో ఆరో వంతు దాటకూడదు. 60 కిలోల మనిషికి పది కిలోలే, నీళ్లతో కలిపి.

చాలామందికి తట్టని విషయం చీకటి. అరకు బెంగళూరుకి ఐదు డిగ్రీలకు పైగా తూర్పున ఉంది, ఉత్తరానికీ జరిగి ఉంది. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే. డిసెంబరులో బెంగళూరులో ఆరు గంటలకి అటూ ఇటూ పొద్దు గుంకితే, అక్కడ అరగంట ముందే గుంకుతుంది. లోయలో కొండ అడ్డం పడటంతో ఇంకా ముందే మసకేస్తుంది. బెంగళూరు అలవాటుతో 'ఐదున్నరకి చేరతాం' అనుకున్నవాళ్లు చివరి కిలోమీటరు సెల్‌ఫోను లైటుతో దిగుతారు, చీలమండలు మెలిపడేది అక్కడే. నాలుగింటికల్లా ఊళ్లో ఉండేలా నడక వేసుకోండి.

దూరం అడగడంలోనూ కిటుకుంది. 'ఇంకెంత దూరం' అంటే 'ఇక్కడే' అంటారు. అబద్ధం కాదు, వాళ్ల కాళ్లకి అది ఇక్కడే. 'ఆ ఊరి సంతకి పొద్దున్న ఎప్పుడు బయలుదేరతారు, ఇంటికి ఎప్పుడొస్తారు' అని అడగండి. వచ్చిన జవాబుని ఒకటిన్నరతో గుణించండి. వారపు సంత ఏ రోజో కూడా ముందే కనుక్కోవాలి. సంత రోజు ఊరు ఖాళీ, ముసలివాళ్లూ పసిపిల్లలూ తప్ప ఎవరూ ఉండరు. ఆ రోజు ఊళ్లోకి వెళ్లి గడపలు చూస్తూ కూర్చోవడం కంటే సంతలోనే సామాను కొనుక్కుని సాయంత్రం వాళ్లతో పాటు నడవడం మేలు. దారీ తెలుస్తుంది, మాటలూ కలుస్తాయి.

కాలం ఎంచుకోవడంలోనూ మనకి సౌకర్యమైనది వాళ్లకి కాకపోవచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, జారుడు మట్టి, గెడ్డలు. పైగా పాత పంట అయిపోయి కొత్తది చేతికి రాని కటకట నెలలు. కొన్ని ఇళ్లలో మామిడి టెంకల పిండి అంబలితో గడిపే రోజులవి. ఆ నెలల్లో అతిథిగా వెళ్లడం నా దృష్టిలో మర్యాద కాదు. అక్టోబరులో బంగాళాఖాతం తుపాన్ల భయం: 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ ఈ కొండల మీద కాఫీ తోటల నీడ చెట్లని వేలకి వేలు పడగొట్టింది. నవంబరు నుంచి జనవరి దాకా వలిసె పూలు, మంచు, అందరి సెలవులు. సరిగ్గా అప్పుడే కాఫీ పళ్లు కోసే పని. అరబికా పండు కోసిన రోజే పల్పింగ్ చేయకపోతే, అంటే పైతొక్క తీయకపోతే, పులిసిపోతుంది, ధర పడిపోతుంది. మీకు గైడుగా వచ్చినవాడు రెండు రోజుల కోత వదులుకుని వస్తున్నాడు. ఫిబ్రవరి మొదటి మూడు వారాలు నాకు అన్నిటికంటే నచ్చుతాయి: కోత అయిపోయి ఉంటుంది, ఊటల్లో నీళ్లు ఇంకా ఉంటాయి, రాత్రుళ్లు చలి పళ్లు కొట్టుకునేంత కాదు. మార్చి దాటితే ఊట సన్నబడుతుంది, మీ స్నానం ఇంకొకరి బిందె అవుతుంది.

గెడ్డ దాటడం వచ్చి ఉండాలి. మీ మీద చినుకు పడకపోయినా పై కొండల్లో మధ్యాహ్నం వాన పడితే గంటలో నీరు పెరుగుతుంది. నీళ్లు తేటగా ఉన్నవి బురదరంగు తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా ఆగిపోవాలి. మోకాలు దాటిన పారే నీళ్లలో దిగొద్దు. దిగేముందు బ్యాగు నడుం బెల్టు విప్పేయాలి, పడితే బ్యాగుని వదిలించుకోవడానికి. చెప్పులు లేకుండా దిగితే నాచు రాళ్ల మీద నిలవలేరు. కర్రని ఎగువవైపు ఆనించి, ముఖం ఎగువకి పెట్టి, పక్క అడుగులతో దాటాలి. కట్టె లేకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా దాటడం చూడముచ్చటగా ఉంటుంది కానీ, ఒకడు జారితే మిగతావాళ్లనీ లాగేస్తాడు. నీరు తగ్గేదాకా గట్టున కూర్చుంటే పోయేది రెండు గంటలే.

కాలు విరిగితే ఏమవుతుంది? రోడ్డు ఉన్నచోటికి ఫీడర్ బైకు అంబులెన్సు రావచ్చు. రోడ్డు లేనిచోట డోలీయే దిక్కు. వెదురుబొంగుకి దుప్పటి కట్టి మోస్తారు. నలుగురు మోస్తుంటే మార్చుకోవడానికి ఇంకో నలుగురు. ఎనిమిది మంది పని ఒక రోజంతా పోతుంది. ఉపాధి హామీ కూలి ఆంధ్రలో 2024-25లో రోజుకి 300 రూపాయలు. ఆ కనీస లెక్కలోనే 2,400 అయింది. ఆ ఊళ్లో ప్రసవానికి పోవాల్సిన ఆడవాళ్లని మోసేదీ ఆ భుజాలే. అందుకని కొత్త బూట్లతో రావడం, 'చూద్దాం ఏమవుతుందో' అని రాత్రి నడక పెట్టుకోవడం సాహసం కాదు, వాళ్ల భుజాల మీద పందెం.

ఇక బస. కర్ణాటక అడవుల అలవాటుతో ఏజెన్సీని, అంటే ఈ గిరిజన కొండ ప్రాంతాన్ని, చూడకండి. 1839 చట్టంతో ఈ కొండల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో ఏజెంటు హోదాలో పెట్టారు, ఆ పేరే ఇప్పటికీ నిలిచిపోయింది. మనకి దగ్గర్లోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగల ఊళ్లున్నాయి, కానీ అది పులుల అభయారణ్యం, రాత్రి బస అటవీ శాఖ నిబంధనల ప్రకారమే. (సోలిగలు తమ పల్లెని 'పోడు' అంటారు. మన ఏజెన్సీలో పోడు అంటే అడవి నరికి చేసే సాగు. మాట ఒకటే కదా అని అక్కడ 'మీ పోడు చూపించండి' అంటే ఊరు చూపిస్తారు.) ఏజెన్సీలో ఊళ్లో ఉండాలంటే ఊరి పెద్దలు ఒప్పుకోవాలి, రిజర్వు అడవిలో గుడారం వేయాలంటే అటవీ శాఖ ఒప్పుకోవాలి. రెండూ వేర్వేరు. ఒడిశా సరిహద్దు వైపు వెళుతుంటే దారిలోని పోలీసు స్టేషనులో పేర్లు చెప్పి వెళ్లడం మంచిది. గంజాయి కోసం చెక్‌పోస్టుల్లో సంచులు వెతుకుతారు. ఎవరి మూటా 'కాస్త కింద దింపండి' అంటే మొయ్యొద్దు, సరదాకి కూడా గంజాయి మాట ఎత్తొద్దు.

తెలుగు వచ్చు కదా అన్న ధీమా కూడా కాస్త తగ్గించుకోవాలి. కొందులు మాట్లాడే కువి ద్రావిడ భాషే కానీ మనకి ఒక్క ముక్క అర్థం కాదు. గుతోబ్ గదబల మాట అసలు ద్రావిడమే కాదు, ముండా భాషల కుటుంబం. అరకు వైపు ఆదివాసీ ఒడియా అందరికీ మధ్య మాట. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, కొందు అందరినీ 'గిరిజనులు' అని ఒకే గాట కట్టేస్తాం గానీ, రెండు పక్క ఊళ్ల పండగలూ పెళ్లి పద్ధతులూ వేరు కావచ్చు. కాబట్టి గైడు విశాఖ నుంచో అరకు బస్టాండు నుంచో కాక మీరు బస చేసే ఊరివాడే కావాలి. ముసలివాళ్లు మిమ్మల్ని 'నువ్వు' అంటే చిన్నబుచ్చుకోవద్దు, వాళ్ల తెలుగులో అది అమర్యాద కాదు. మీరు మాత్రం 'మీరు' అనే అనండి. పట్నం నుంచి వచ్చిన ప్రతివాడూ అక్కడి అరవయ్యేళ్ల మనిషిని 'ఏమోయ్' అని పిలిచే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు.

ఊరి మధ్య రాళ్ల అరుగు కనబడగానే బ్యాగు దించి కూర్చోకండి. అది పెద్దల చోటో దేవతల చోటో కావచ్చు, అడిగి కూర్చోండి. పొయ్యి దగ్గరికి చెప్పులతో వెళ్లొద్దు. చైత్రంలో ఇటుకల పండగ (గిరిజనుల వేట పండగ) రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి బళ్లని ఆపి చందా అడుగుతారు. చిల్లర సిద్ధంగా పెట్టుకుని నవ్వుతూ ఇచ్చేయండి, అది టోల్‌గేటు దందా కాదు. థింసా నాట్యం విషయంలో నాకు రెండు మనసులు లేవు: డబ్బిచ్చి ఆడించుకోవడం తప్పు కాదు, పట్నంలో సభకి కచేరీ పెట్టుకోవడం లాంటిదే. కానీ ఆ డబ్బు ఆడినవాళ్లకీ మోరి, తుడుము, డప్పు వాయించినవాళ్లకీ నేరుగా చేరాలి. క్యాంప్‌ఫైర్ ప్యాకేజీలో 'ట్రైబల్ డ్యాన్స్ ఉచితం' అని రాసి ఉంటే ఎవరికో కూలి ఎగ్గొట్టారనే అర్థం.

తిండి సామాను ఇలా పంచుకోండి. బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, ఉల్లిపాయలు మండల కేంద్రంలోనో సంతలోనో కొనాలి, ఎందుకంటే అవి ఊరివాళ్లు కూడా కొనుక్కునేవే. చోళ్లు (రాగులు), సామలు, రాజ్‌మా, గుడ్లు, కూరలు ఊళ్లోనే కొనాలి, ఎందుకంటే అవి వాళ్లు పండించేవి. నలుగురికి రెండు రాత్రులకి ఐదున్నర కిలోల బియ్యం, కిలో పప్పు, అర లీటరు నూనె సరిపోతాయి. ఇంటివాళ్లు కూడా ఆ కుండలోంచే తింటారు కాబట్టి ఇంకో మూడు కిలోలు వేసుకోండి. కోడి అడగొద్దు. పెంచిన కోడి పండక్కి, మొక్కుకి, అవసరానికి దాచుకున్న డబ్బు లాంటిది. వాళ్లే అమ్ముతామంటే అడిగిన ధర ఇవ్వండి, బేరం వద్దు. పొద్దున్న చోడి అంబలి పెడితే తాగండి. నడకకి దానంత నిలకడైనది మరోటి లేదు, బ్రెడ్డు జామూ తిన్నవాడు పదింటికే చతికిలబడతాడు. పేపరు ప్లేట్లు తేవద్దు, అడ్డాకుల విస్తళ్లు కొనండి.

తాగునీళ్లు ఊట నుంచి గొట్టంలో వచ్చేవైనా అలాగే తాగొద్దు. అందరి తాగునీళ్లూ మరగబెట్టడానికి కట్టె చాలదు కాబట్టి గుడ్డతో వడగట్టి, క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. ఒక మాత్రకి ఎన్ని లీటర్లో పట్టీ మీద చూసుకోండి, కంపెనీకో లెక్క. బురద నీళ్లలో క్లోరిన్ సగం బురదకే ఖర్చయిపోతుంది, అందుకే ముందు తేరనివ్వాలి. మరుగుదొడ్డి లేని ఊళ్లో ఆడవాళ్లు ఎటు వెళతారో ఆడవాళ్లే అడగాలి, మగవాళ్లు దానికి ఎదురు దిక్కుకి వెళ్లాలి. నీటికి 60 మీటర్లు ఎడంగా, జానెడు లోతు గొయ్యి. శానిటరీ ప్యాడ్లు, తడి టిష్యూలు (వెట్ వైప్స్) పాతిపెట్టకుండా మూటకట్టి వెనక్కి తేవాలి, కుక్కలు తవ్వుతాయి.

నేల మీద పడుకుంటారు కాబట్టి దోమతెర తప్పనిసరి, అంచులు చాప కిందికి దోపాలి. దానికి కారణం ఒక్క దోమ కాదు. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి ఆగుతుంది. దోపిన తెర రెంటినీ ఆపుతుంది. యాంటీవెనమ్ ఏ ఆసుపత్రిలో ఉందో కొండ ఎక్కకముందే అడిగి రాసుకోండి.

ఇప్పుడు దానధర్మాల సంగతి. పాత జీన్స్, పిల్లల బట్టలు, చాక్లెట్ పొట్లాలు నింపిన సంచి ప్రతి గుంపులోనూ ఒకటి కనబడుతుంది. ఆ సంచి మోసేవాడికి మనసు తేలిక, ఊరికి బరువు. మొదటి గుంపు చాక్లెట్ ఇస్తే రెండో గుంపు వచ్చేసరికి పిల్లలు బడి మానేసి దారి మీద నిలబడతారు. రేపర్లు పొయ్యిలోకో గెడ్డలోకో పోతాయి. పాత బట్టలు ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు అన్న గొడవ మనం వెళ్లిపోయాక మొదలవుతుంది. మాత్రలు పంచడం ఇంకా చెడ్డది. జ్వరానికి మీరిచ్చిన పారాసిటమాల్ వేడి తగ్గిస్తుంది, మలేరియా లోపల ముదురుతుంది. ఆశా కార్యకర్త దగ్గరికి పంపండి.

'డబ్బు లెక్కలు పెడితే ఆప్యాయత పోదా' అంటారు. మన పెళ్లిళ్లలో చదివింపులు పుస్తకంలో రాసుకుంటాం కదా, ఎవరు ఎంత పెట్టారో చూసి మనమూ అంత పెట్టాలని. ఆప్యాయతకి అక్కడ ఏ లోటూ రాలేదు. ఏజెన్సీ ఊళ్లలోనూ అంతే: ఒకరింట్లో తిన్నవాళ్లు వాళ్ల పొలంలో పనికి వెళ్లో, ధాన్యం ఇచ్చో, పెళ్లికి వచ్చో తీరుస్తారు. బెంగళూరు నుంచి వెళ్లినవాడు మళ్లీ రాడు, వాళ్ల పొలంలో దిగడు. అతను తీర్చగలిగింది డబ్బుతోనే. అది కూడా ఇవ్వకుండా 'ఎంత మంచి మనుషులండీ, ఏమీ తీసుకోలేదు' అని రాసుకునేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

నా లెక్క ఇది. నలుగురికి రెండు రాత్రులు, మూడు పగళ్లు: గైడుకి రోజుకి 900 చొప్పున 2,700. వండిన ఇద్దరు ఆడవాళ్లకి రెండు రోజులకి, ఒక్కొక్కరికి రోజుకి 400 చొప్పున 1,600. కట్టెలూ కూరలూ 1,000. పడుకున్న చోటుకి తలకి రాత్రికి 200 చొప్పున 1,600. మొత్తం 6,900, తలకి 1,725. ఇందిరానగర్‌లో ఒక శనివారం రాత్రి అయ్యే ఖర్చు. వంట డబ్బు వండినవాళ్ల చేతికే ఇవ్వాలి, ఇంటి పెద్దకి కాదు. సిగ్నలు ఉండదు కాబట్టి యూపీఐ మరిచిపోయి వందల నోట్లు తీసుకెళ్లండి, ఐదువందల నోటుకి ఊళ్లో చిల్లర దొరకదు. ధర మొదటి సాయంత్రమే మాట్లాడుకోవాలి, బయలుదేరేటప్పుడు కాదు. మళ్లీ ఎవరైనా వస్తే వేరే ఇంటికి వంతు ఇమ్మని పెద్దలతో చెప్పండి, లేకపోతే ఒక ఇల్లు టూరిస్టు ఏజెంటుగా మారి మిగతావాళ్లకి పరాయిదవుతుంది.

రిసార్టులో దిగి ఊరు 'చూసి' వచ్చేవాళ్లకి ఒక మాట. మనవాళ్లు ఏ కొండెక్కినా సైటు రేటు అడగనిదే దిగరు. ఇక్కడ ఆ ముచ్చట చెల్లదు: 1959 నాటి భూబదలాయింపు నిబంధనకి 1970లో చేసిన సవరణ, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదంటుంది. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల కేసులో 1997లో సుప్రీంకోర్టు, సమత తీర్పులో, ప్రభుత్వానికి కూడా ఇది వర్తిస్తుందంది. కాబట్టి బస వెతికేటప్పుడు ఈ స్థలం ఎవరి పేరున ఉంది, నడిపేది ఎవరు అని అడగండి. పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది అయితే సంగతి తేలిపోయినట్టే.

ఇంటికి వచ్చాక కూడా నడక అయిపోలేదు. ఈ కొండల్లో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ఉంది. దోమ కుట్టిన వారం తర్వాత ఎప్పుడైనా జ్వరం రావచ్చు, అప్పటికి మీరు ఆఫీసులో ఉంటారు. బెంగళూరు డాక్టరు ముందు డెంగీ అనుకుంటాడు. అందుకే నెలలోపు జ్వరం వస్తే మొదటి మాటగా 'ఏజెన్సీకి వెళ్లొచ్చాను' అని చెప్పి మలేరియా రక్తపరీక్ష అడగండి. ఒకసారి నెగటివ్ వచ్చి జ్వరం ఆగకపోతే మర్నాడు మళ్లీ చేయించండి. చంకలో, నడుం దగ్గర, తొడ మొదట్లో సిగరెట్టు కాలినట్టు నల్లటి మచ్చ ఉందేమో చూసుకోండి. ఉంటే అది స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కావచ్చు, దాని మందు వేరు, ఆ మచ్చ చూపించకపోతే డాక్టరుకి తట్టకపోవచ్చు. వెళ్లేముందే ముందుజాగ్రత్త మాత్రల గురించి డాక్టరుని అడిగితే ఇంకా మంచిది, కొన్ని ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, వచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి. కొండ దిగగానే మానేసేవాళ్లే ఎక్కువ, జ్వరం పట్టుకునేది వాళ్లనే.